వంతెన వచ్చేదాకా సగం మీసం

మా వీధిలో మీసాల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలియకేం, అన్నీ నా కత్తి కింద నుంచే కదా వచ్చాయి, పోయాయి. ఎవడు పెళ్లిచూపుల కోసం పెంచాడో, ఎవడు పెళ్లాం పోరు పడలేక గీయించేశాడో, ఎవడు రంగేసుకుని వయసు దాస్తున్నాడో అడిగినా చెప్పను. కానీ ఒక మీసం గురించి మాత్రం ఎవరూ అడక్కపోయినా చెప్పాలి. అది మా సెలూన్‌కి ఎదురుగా ఫొటో స్టూడియో నడిపే ఆయనది, నేను అన్నా అని పిలిచే మనిషిది. మీసం అనడం కూడా తప్పే. సగం మీసం.

ఆ స్టూడియో ఒకటే గది. ఒక స్టూలు, రెండు గొడుగు దీపాలు, గోడకి వేలాడే రంగుల తెర. తెర మీద పాలరాతి స్తంభాలు, వాటి మధ్య నుంచి పైకి పోయే మెట్లు. ఆ మెట్ల ముందు కూర్చోబెట్టి అద్దె గదుల వాళ్లందరినీ జమీందార్లని చేసేశాడు మా అన్న. తెర వెనక ఒక మంచం, ఒక పెట్టె. పెళ్లి చేసుకోలేదు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అక్కే పెంచి పెద్దచేసింది. ఆవిడ రైలు పట్టాలకి అవతల, బట్టలు కుట్టే కార్ఖానా పక్కన ఒక గదిలో ఉండేది. ఆవిడకీ ఎవరూ లేరు. ఆవిడ పని అక్కడ, అన్న కొట్టు ఇక్కడ, మధ్యలో పట్టాలు, పట్టాల మీద పాత ఇనుప వంతెన.

ఆ వంతెనకి మెట్లు లేవు. తోపుడుబళ్లు పోవాలని పూర్వం కట్టినవాళ్లు రెండు వైపులా వాలుగా దారి వదిలారు. రోజూ మధ్యాహ్నం అక్క ఆ వాలు మీద మెల్లగా ఎక్కి, మెల్లగా దిగి, చేతిలో క్యారియర్‌తో వచ్చేది. ఆవిడ రాకపోతే అన్నకి తిండి ధ్యాసే ఉండదు. స్టూలు మధ్యలో పెట్టుకుని ఇద్దరూ తింటుంటే మాటలు నా కొట్టులోకి వినపడేవి.

"ఒరేయ్ చిన్నోడా, ఈ మెట్లు ఎక్కడికిరా పోతాయి? ఎన్నేళ్ల నుంచో చూస్తున్నా, పైన ఏముందో చెప్పి చావవు."

"పైన మేకుందక్కా. తెర దానికే తగిలించాను."

ఆవిడ పడీ పడీ నవ్వేది. యాభై దాటినవాణ్ణి చిన్నోడా అని పిలిచే మనిషి ఒక్కరుంటే చాలు, ముసలితనం గుమ్మం బయటే ఆగిపోతుంది.

ఒకరోజు పొద్దున్నే క్రేన్ వచ్చింది. తుప్పు పట్టింది, ఎప్పుడు కూలుతుందో తెలియదు, విప్పేస్తాం, కొత్తది కడతాం అన్నారు. తుప్పు పట్టిన మాట నిజమే. కాకపోతే విప్పడానికి ఉన్న తొందర కట్టడానికి ఉండదని మాకు అప్పుడు తెలియలేదు. నెలలు గడిచాయి. చుట్టూ తిరిగి రావాలంటే రైలు గేటు దాకా పోయి, పెద్దరోడ్డు మీద లారీల పక్కన నడవాలి. అక్క కొన్నాళ్లు నడిచింది. కాళ్లు వాచాయి. ఆటోలో రమ్మని బతిమాలితే ఒకసారి వచ్చింది. దిగుతూనే, "ఒకరు మోసుకొస్తే అది రావడమట్రా? నాకు బుద్ధి పుట్టినప్పుడు నా కాళ్ల మీద నేను రావాలి. లేదంటే మానేయాలి" అంది.

ఆవిడ వచ్చిన ఆ రోజే నా సెలూన్‌లో మీటింగు. మా వీధి సంఘం ప్రెసిడెంటు నా కుర్చీలో కూర్చుని, వంతెన కోసం చేయబోయే ధర్నాకి నినాదం తయారుచేస్తున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి విని, "వంతెన అంటే చాలదు బాబూ. పాతదానికి ఉన్నట్టు వాలు కూడా కావాలని అనండి" అంది.

"అమ్మా, నినాదం అంటే గుప్పిట్లో పట్టాలి. 'వంతెన కట్టాలి!' చూడండి, ఎంత ఊపుగా ఉందో. 'పాతదానికి ఉన్నట్టు వాలు దారి ఉన్న వంతెన కట్టాలి' అన్నామనుకోండి, కట్టాలి దగ్గరికి వచ్చేసరికి జనానికి ఊపిరి అయిపోతుంది."

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. వంతెనంటే వంతెనే కదా, వాలు లేకుండా ఎవరు కడతారులే అనుకున్నాం.

పట్టాల పక్కన టెంటు వేసి కూర్చున్నాం. వంతెన కట్టాలి, వంతెన కట్టాలి అని గొంతులు చించుకున్నాం. రైలు వచ్చినప్పుడల్లా మా అరుపులు దాని కూతలో కలిసిపోయేవి. ప్రభుత్వం తరఫున పురుగు కూడా రాలేదు. పేపర్లో ఒక్క ముక్క పడలేదు. మెల్లగా జనం పల్చబడ్డారు. పెద్దవాళ్లకి నడుం నొప్పులొచ్చాయి, కుర్రవాళ్లకి పనులొచ్చాయి. అప్పుడు ప్రెసిడెంటుకి ఒక ఐడియా తట్టింది. మగాళ్లందరూ వంతెన వచ్చేదాకా సగం మీసంతో తిరగాలి, అప్పుడు చూడండి టీవీవాళ్లు ఎలా పరిగెత్తుకొస్తారో అన్నాడు.

వచ్చారు మరి! నా కుర్చీ టెంటు దగ్గరికి మోయించారు. ఆ పూట ఎన్ని మీసాలు సగం చేశానో నాకే గుర్తులేదు. బతుకంతా రెండు వైపులా సమానంగా రావాలని తంటాలు పడినవాణ్ణి, అంతమందిని చేజేతులా అష్టావక్రుల్ని చేశాను. నా మీసం మాత్రం నిండుగా ఉండిపోయింది. అందరికీ గీసేవాడికి గీసేవాడెవడు? కెమెరాలు చూసి సాయంత్రానికి ఒక పెద్ద ఆఫీసరు జీపులో దిగాడు. చేతులు జోడించి, "మీ బాధ ప్రభుత్వానికి తెలిసింది. వంతెన తప్పకుండా వస్తుంది" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. టెంటు విప్పేశారు.

చీకటి పడకముందే నా కొట్టు ముందు వరస కట్టారు. ఇంకో సగం తీసెయ్యి మహాప్రభో, మా ఆవిడ గుమ్మం ఎక్కనివ్వడం లేదు అని ఒకడు, ఆఫీసుకి ఎలా పోతానని ఒకడు. ప్రెసిడెంటు అందరికంటే ముందు. ఆఖర్న అన్న వచ్చి కూర్చున్నాడు. నేను నురగ పూయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"వంతెన వచ్చిందా తమ్ముడూ?"

"మాటిచ్చాడుగా అన్నా."

"మాట వచ్చింది. వంతెన రాలేదు. వచ్చాక తీద్దువుగాని."

"మరి ఇప్పుడెందుకు కూర్చున్నావ్?"

"ఉన్న సగాన్ని కాస్త సరిచెయ్యి. నలుగురిలో తిరగాలి కదా."

నాలుగు రోజుల మోజు అనుకున్నాను. వారాలైంది, నెలలైంది. వారం వారం వచ్చేవాడు. ఎడమవైపు నున్నగా గీసి, కుడివైపు కత్తెరతో సరిచేసి పంపేవాణ్ణి. వచ్చినవాళ్లు మొదట్లో నవ్వారు, భుజం తట్టారు. తర్వాత నవ్వడం మానేశారు. ఆ టెంటులో అన్న పక్కనే కూర్చుని అరిచినవాళ్లు, అన్న కుర్చీలో ఉంటే లోపలికి రాకుండా బయటే తచ్చాడేవారు. ఆ సగం మీసం చూస్తే వాళ్ల నిండు మీసాలకి దురద పుడుతుంది కాబోలు. ఎదురుపడితే రోడ్డు దాటిపోయేవారు. అన్న అది గమనించి, కొట్టు ఖాళీ అయ్యాక రావడం మొదలుపెట్టాడు. నాకు అది చూస్తే ఒళ్లు మండేది.

వ్యాపారం కూడా దెబ్బతింది. పాస్‌పోర్టు ఫొటోకి నవ్వకూడదు. "నవ్వకండి, మొహం మామూలుగా పెట్టండి" అని ఈ మొహం వేసుకుని చెబితే ఎవరు ఆగుతారు? బుగ్గలు బిగబట్టి, బిగబట్టి, సరిగ్గా కెమెరా నొక్కేటప్పుడు పకాలున నవ్వేవారు. ఆఫీసులవాళ్లు ఆ ఫొటోలు తిప్పికొట్టారు. గిరాకీ పెద్దరోడ్డు మీద కొత్త స్టూడియోకి పోయింది. శుభమా అని పెళ్లి చేసుకుంటూ ఈ అవతారాన్ని ఎవరు ఎదురుగా నిలబెట్టుకుంటారు? పెళ్లిళ్లూ పోయాయి. ఒకసారి మొహానికి రుమాలు కట్టుకుని చూశాడు. దొంగ వచ్చాడనుకుని, ఫొటోకి తెచ్చిన చంటిబిడ్డ గుక్కపట్టింది. మర్నాడు తీసేశాడు. "దాచుకునేదైతే ఉంచుకోవడం దేనికి తమ్ముడూ" అన్నాడు. రోజుల తరబడి ఆ స్టూలు మీద తనే కూర్చుని, తెర మీద మెట్ల ముందు వీధి చూస్తూ ఉండేవాడు.

మధ్యాహ్నం మాత్రం కొట్టు మూసి పట్టాల కంచె దగ్గరికి వెళ్లేవాడు. ఆ లారీల రోడ్డు మీదుగా రావొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది. అవతల కంచె దగ్గర అక్క నిలబడేది. ఇద్దరి చేతుల్లోనూ అన్నం డబ్బాలు. మాట వినపడే దూరం కాదు. ఆవిడ తిని, డబ్బా బోర్లించి చూపించేది. అన్న కూడా తిని బోర్లించాలి. అది ఆవిడ షరతు. మధ్యలో గూడ్సు బండి వస్తే అది పోయేదాకా డబ్బా ఎత్తి పట్టుకుని ఆగేవాడు. ఒకరోజు అటుగా వెళ్తూ చూశాను. బండి పోయేసరికి అవతల అక్క లేదు. ఎండకి నిలబడలేక వెళ్లిపోయినట్టుంది. అన్న మాత్రం బోర్లించిన డబ్బా ఎత్తి పట్టుకుని అలాగే ఉన్నాడు. మళ్లీ వస్తుందేమోనని. వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఆ రోజు ఉండబట్టలేక తిట్టాను. "నీ సగం మీసం చూసి ప్రభుత్వం కదులుతుందా అన్నా? దున్నపోతు మీద వాన కురిసినట్టే కదా!"

"వాన దున్నపోతు కోసమే కురుస్తుందా తమ్ముడూ?" అన్నాడు. నేను కత్తెర శుభ్రం చేసుకున్నాను.

ఈలోగా మన ప్రెసిడెంటు ఆ ధర్నా పేరు చెప్పుకుని ఎన్నికల్లో నెగ్గి కౌన్సిలరయ్యాడు. మీసానికి రంగు నా దగ్గరే. ఒకరోజు సగం రంగు వేసి ఉండగా అన్న లోపలికి వచ్చాడు.

"ఏమయ్యా, ఇంకా ఆ వేషం మానవా? ఫైలు నడుస్తోంది. నీ వార్డులో ఆ పిచ్చివాడెవడని పైవాళ్లు నన్ను అడుగుతున్నారు."

అన్న మొహం విప్పారింది. "అడుగుతున్నారా? మంచిదే కదండీ!"

"పదిమంది చేస్తే పోరాటం. ఒక్కడు చేస్తే పిచ్చి. ఆ మాత్రం తెలియదా?"

నా నోరు ఊరుకుంటేగా. "ఆ పదిమందిలో ఎవరు లేచిపోయినప్పుడు పోరాటం పిచ్చి అయిందండీ? మొదట లేచినాయన ఎవరో మీకు గుర్తుందా?" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది గానీ ఎక్కడికి పోతాడు? సగం నలుపు, సగం తెలుపు. రంగు ఆరేదాకా నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఏళ్లు గడిచాక వంతెన పని మొదలైంది. ఎవరి వల్లో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ధర్నా వల్లని కౌన్సిలరు. స్టేషను పెంచుతున్నారు, అందులో ఇదీ ఒక ముక్క అని ఇంజినీర్లు. నన్నడిగితే నాకు తెలియదు. అన్ననడిగితే "ఎవరి వల్ల వస్తే ఏం, అక్క నడవాలి అంతే" అన్నాడు. రోజూ పని దగ్గరికి పోయి చూసి వచ్చేవాడు. ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు. వాలు లేదు. మెట్లు వేస్తున్నారు, నిటారుగా. డ్రాయింగులో ఉన్నదే కడతామన్నారట. కౌన్సిలరు దగ్గరికి పరిగెత్తితే, "మనం అడిగింది వంతెనేగా, ఇచ్చారు. అడిగింది ఇచ్చినా ఏడుపేనా?" అన్నాడట.

ఆ మాట అబద్ధం కాదు. అడిగాం. అందరం కలిసి, పట్టాలు అదిరేలా, సరిగ్గా అంతే అడిగాం.

అక్కకి ఫోన్లో చెబితే, "మెట్లయితే ఏంరా, నేనేమైనా ముసలిదాన్నా? ఎక్కుతాను. స్టూలు తుడిచి పెట్టు" అందట. అన్న ఆ పూటే స్టూలుకి రంగు వేశాడు.

ప్రారంభం రోజున రిబ్బను, మైకు, దండలు. పెద్దరోడ్డు స్టూడియో కుర్రాడు రాకపోవడంతో ఫొటోలకి అన్ననే పిలిచారు. "నువ్వు తియ్యి గానీ, ఆ మొహంతో ఎందులోనూ పడకు" అన్నాడు కౌన్సిలరు. టెంటులో మీసాలు సగం చేయించుకున్నవాళ్లంతా నిండు మీసాలతో వరసగా నిలబడ్డారు. మన పోరాట విజయం అని ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్నారు. అన్న అందరినీ తీశాడు. ఒక్కసారైనా ఇటు రావయ్యా అని ఎవరూ అనలేదు. నేను మాత్రం ఫొటోలో నిలబడలేదు. నా కాళ్లు రాలేదు.

జనం పోయాక అన్నా నేనూ వంతెన దాటి అవతలికి వెళ్లాం. అక్క కింద నిలబడి ఉంది. మడత నలగని బట్టలు, చేతిలో ఆ పాత క్యారియర్. పట్టుకుంటానంటే ఇవ్వలేదు. కడ్డీ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. కొన్ని మెట్లెక్కి ఆగింది. మళ్లీ ఎక్కింది. ఆగింది. ఆ ఏళ్లన్నీ మోకాళ్లలోనే దిగినట్టున్నాయి. కూర్చుండిపోయింది. క్యారియర్ ఒళ్లో పెట్టుకుంది. జనం పక్క నుంచి ఎక్కిపోతున్నారు, దిగిపోతున్నారు. అన్న ఒక మెట్టు కింద నిలబడి, ఆవిడ వెనక్కి పడితే పట్టుకోవాలని చేతులు చాపి ఉన్నాడు.

"కుర్చీ తెస్తానక్కా, మోసుకెళ్దాం" అన్నాను.

"మోసే రోజు ఎలాగూ వస్తుంది. అందాకా ఆగండి" అంది. పైకి చూసి నవ్వబోయింది. "నీ తెర మీద మెట్లే నయంరా చిన్నోడా. ఎక్కమని ఎవరూ అడగరు."

మెల్లగా దించాం. మొదటి మెట్టు మీదే కూర్చుని క్యారియర్ విప్పింది. ఇద్దరూ అక్కడే తిన్నారు. అన్న తల ఎత్తలేదు. ఏడుస్తున్నాడని అక్కకి తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్నే వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ సగం తీసెయ్ తమ్ముడూ."

ఇన్నాళ్లూ తీయించుకోమని పోరింది నేనే, తీరా తీయమంటే చెయ్యి రాలేదు. "వదిలేశావా అన్నా?"

"వదిలేయడం కాదు. వంతెన వచ్చేదాకా అన్నాను. వచ్చింది. మాటంటే మాటే కదా."

తీశాను. మీసం లేని ఆ మొహం నేనెప్పుడూ చూసింది కాదు. తుడిచి తువ్వాలు తీసినా లేవలేదు. అద్దంలో నా వైపు చూశాడు.

"ఇక ఎడమపక్క గీయకు. కుడిపక్కే గీస్తూ ఉండు. ఎడమది వాలు కోసం."

"మళ్లీ ఒక్కడివేనా అన్నా?"

"కిందటిసారి మాత్రం ఎంతమందిమి?" అని వెళ్లిపోయాడు.

అది పెరిగేదాకా ఆ వీధిలో అన్నని ఎవరూ గుర్తుపట్టలేదు. ఇన్నేళ్లు సగం మీసం అని వెంటపడిన పిల్లలు కూడా ఎవరో అనుకుని పక్క నుంచి పోయారు. వెక్కిరించేవాళ్లు కూడా లేకపోతే మనిషి ఎంత ఒంటరివాడవుతాడో ఆ రోజుల్లో చూశాను. మధ్యాహ్నం మాత్రం వంతెన దాటి అవతలికి పోయేవాడు. మొదటి మెట్టు మీద అక్క, పక్కన అన్న, మధ్యలో క్యారియర్. జనం పక్కనున్న కాస్త సందులో నుంచి ఎక్కి పోయేవారు. ఎడమవైపు మీసం వచ్చింది. పూర్తిగా తెల్లగా వచ్చింది.

అది మొదటిసారి సరిచేసిన రోజు, అన్న వెళ్లాక, కొట్టులో నేనూ అద్దమూ మిగిలాం. నా మీసం నా కొట్టుకి బోర్డులాంటిది. దాన్ని చూసే గిరాకీ వస్తుందని మా ఆవిడ అంటుంది. ఎంతసేపు చూసుకున్నానో. నురగ కలిపాను. కత్తి తీశాను. గీసేవాడెవడు అని ఆనాడు అడిగానే, చేతులు నాకూ ఉన్నాయి కదా.

మధ్యాహ్నం కొట్టు మూసి వంతెన దాటాను. దిగుతుంటే అక్క తలెత్తి నా మొహం చూసి నోరు తెరిచింది. అన్న ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు.

"ఇదేం మాయరోగంరా, నీకేం వచ్చింది?" అంది అక్క.

"వాలు కోసం అక్కా."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తిన్నావా?"

"లేదు."

"కూర్చో చిన్నోడా."

కూర్చున్నాను. ఇద్దరు కూర్చున్నప్పుడు జనం పోవడానికి సందు ఉండేది. ముగ్గురం కూర్చునేసరికి మెట్టు నిండిపోయింది. ఎక్కాల్సినవాళ్లు వచ్చి ఆగారు. వాళ్ల వెనక ఇంకొందరు ఆగారు. కాస్త జరగండి, జరగండి అన్నారు. అక్క నా చేతిలో ముద్ద పెట్టింది. మేము జరగలేదు.